మొత్తం సరిపోయింది

కూతురికి కట్లు మార్చే రోజున ఇందుమతి ఆ గదిలోకి వెళ్లదు. లహరి ఆసుపత్రి పై అంతస్తులో నీళ్ల తొట్టి పక్కన బల్ల మీద బోర్లా పడుకుని ఉంటే, తల్లి కింద ప్రయోగశాలలో గోడకున్న తెర ముందు నిలబడి ఉంటుంది. కన్నతల్లి అయ్యుండి ఇదేం గుండె అని నర్సులు మొదట్లో చెవులు కొరుక్కున్నారు. వాళ్ల మీద ఆమెకు కోపం లేదు. ఆ తెర మీద కనిపించే రెండంకెలూ తిన్నగా ఉన్నంతసేపే పైన పిల్ల అరవకుండా ఉంటుందనీ, తాను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నందువల్ల ఒరిగేదేమీ లేదనీ ఆమెకు తెలుసు. తెలుసనే అనుకునేది.

లహరిది ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది. కరెంటు పనులు చేత్తో చేసి నేర్చుకోవాలని గుంటూరు శివార్లలో ఒక శీతల గిడ్డంగికి వెళ్లి వచ్చేది. మిరపకాయ బస్తాలు కప్పు దాకా పేర్చిన ఆ గిడ్డంగికి నిప్పంటుకున్న పూట ఆమె లోపలే ఉంది. బయటికి లాగేసరికి వీపూ, కాళ్ల వెనక భాగమూ, ఎడమ చెయ్యీ కాలిపోయాయి. అంతకంటే చెడ్డది ఆ పొగ. కాలే మిరపకాయల ఘాటు పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయాయి. మత్తు ఇస్తే మళ్లీ తనంతట తాను ఊపిరి తీసుకుంటుందని చెప్పలేమన్నారు డాక్టర్లు. ఇవ్వకుండా కట్లు విప్పితే ఆ బాధకే గుండె ఆగిపోవచ్చన్నారు. మొదటిసారి ఇవ్వకుండానే విప్పారు. ఆ రోజు కూతురి కేక విన్న తర్వాత ఇందుమతి చాన్నాళ్లు ఇంట్లో కుక్కర్ కూత పెట్టినా ఉలిక్కిపడి చెవులు మూసుకునేది.

అందుకే లహరిని "వంతు"లో చేర్పించింది.

నొప్పిని పంచవచ్చని కనిపెట్టింది ఇందుమతి కాదు, నరాల వైద్యులు. నరం మీద పరుగెత్తే బాధను మెదడు చేరేలోపు పట్టుకుని, ముక్కలు చేసి, ఎక్కడో ఉన్న ఇంకో మనిషి నరం మీదికి ఎక్కించవచ్చని వాళ్లు తేల్చారు. ఎక్కించవచ్చు గానీ మాయం చెయ్యలేరు. ఎంత పుట్టిందో అంతా ఎవరో ఒకరు మోసి తీరాలి. పదిమందికి పంచి చూస్తే పదిమందీ పళ్లు కరుచుకుని స్పృహ తప్పారు. మూడొందల మందికి పంచితే మాత్రం ఒక్కొక్కరికి గోరుచుట్టు సలిపినంత బాధ. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, కాసేపు పని సాగదు, అంతే. అంతమాత్రం ఓర్చుకునే మనుషులు దొరికారు. వాళ్ల చేతికి కట్టే పట్టీలు తయారయ్యాయి. ఇక మిగిలింది లెక్క. ఇందుమతి పని అదే.

ప్రతి పట్టీ ఎడతెగకుండా రెండు సంగతులు చెబుతూ ఉంటుంది. నా మనిషి ఇంత నొప్పి మోసింది, ఆమె నాడి ఇంత కొట్టుకుంటోంది. మూడొందల పట్టీలు, పల్నాడు కొండల వెనక ఆరు ఊళ్లు. ఆ ఊళ్లలో చాలా ఇళ్ల వాళ్లు ఫోన్ మాట్లాడాలంటేనే డాబా ఎక్కాలి. అన్ని పట్టీలు చెప్పేదంతా గుంటూరు దాకా మొయ్యడానికి సిగ్నల్ చాలదు. లెక్క ఆలస్యమైతే పంపకం ఆగి, ఉన్న బాధంతా వచ్చి రోగి నెత్తినే పడుతుంది. ఇందుమతి ఆలోచించి ఒక ఉపాయం కట్టింది. ప్రతి ఊళ్లో పాల కేంద్రంలో ఒక పెట్టె పెట్టించింది. ఆ ఊరి పట్టీల లెక్కలన్నీ ఆ పెట్టే కూడుకుని, ఊరు మోసిన మొత్తం ఎంతో, ఊరి నాడి సగటు ఎంతో, ఆ రెండే పైకి పంపుతుంది. దారిలో టవర్ దగ్గరున్న ఇంకో పెట్టె ఆరు ఊళ్ల లెక్కలనూ కలిపి మళ్లీ రెండే చేస్తుంది. గుంటూరు తెర మీదికి వచ్చేవి ఆ రెండు. పంపిన నొప్పికీ, మోసిన మొత్తానికీ తేడా లేకపోతే మొదటి అంకె పచ్చగా ఉంటుంది. నాడి సగటు నూరు దాటితే రెండోది ఎర్రబడి, పంపకం దానంతటదే ఆగుతుంది. మూడొందల మంది గొంతును రెండంకెల్లోకి దించినందుకు ఆమెను పిలిచి శాలువాలు కప్పని సభ లేదు.

ఆమె దగ్గర పనిచేసే రహంతుల్లా ఒక్కడే అప్పట్లో నసిగాడు. అతనిది ప్రతిదానికీ పదిసార్లు తిరగేసి చూసే స్వభావం. సగటుతో పాటు ఊరికొక్క పెద్ద అంకె కూడా తెప్పిద్దాం మేడం, ఆ ఊళ్లో అందరికంటే ఎక్కువ అవస్థ పడుతున్న మనిషి నాడి ఎంతో తెలుస్తుంది అన్నాడు. సిగ్నల్ చాలదయ్యా అంది ఆమె. నిజంగానే చాలదు. కొత్త టవర్ వచ్చాక చూద్దామంది. అతను సరేనని ఊరుకున్నాడు.

ఆ రోజు పొద్దున్న కట్లు విప్పడం మామూలు వేళకే మొదలైంది. కొత్త చర్మం అతికే ముందు చేసే ఆఖరి కడుగుడు కనుక కాస్త ఎక్కువసేపు పడుతుందని డాక్టర్ కబురు చేశాడు. మొదటి అంకె పచ్చగా ఉంది. రెండోది ఎనభై దగ్గర మొదలై మెల్లమెల్లగా తొంభైకి పాకింది.

పెరుగుతోంది మేడం అన్నాడు రహంతుల్లా. మిరపకోతలు కదా, ఆడవాళ్లంతా ఎండలో ఉంటారు, పెరక్కుండా ఎలా ఉంటుంది అంది ఇందుమతి. కిందటిసారి కూడా అదే అనుకున్నారు ఇద్దరూ. అయితే ఈ రోజు అక్కడ ఎండ లేదనీ, తెల్లవారినప్పటి నుంచి మబ్బు పట్టి ఉందనీ అతను గుర్తు చేశాడు. ఆమె కళ్లు పచ్చటి అంకె మీదే ఉన్నాయి. అతను ఇక అడక్కుండా తన బల్ల దగ్గర కూర్చుని, ఒక్కో ఊరి పెట్టెనూ తెరిచి లోపలి లెక్కలు విడివిడిగా చూపమని అడగడం మొదలుపెట్టాడు. సిగ్నల్ కుంటుకుంటూ వస్తోంది. నాలుగు ఊళ్లు బాగానే ఉన్నాయి. అయిదోది ఇప్పలమెట్ట.

ఇప్పలమెట్టలో నలభై పట్టీలు. ఒక్కొక్క వరుసా తెర మీద పడింది. నూటనలభై ఎనిమిది. నూటనలభై ఎనిమిది. నూటనలభై ఎనిమిది. వాళ్లు చూస్తుండగానే అది నూటయాభై ఒకటి అయింది, నలభై వరుసల్లోనూ ఒక్కసారే.

పెట్టె చెడిపోయి ఒక్క అంకెనే నలభైసార్లు చదువుతోందంది ఇందుమతి. పెట్టె బాగానే ఉందన్నాడు అతను.

"నలభై గుండెలు ఇట్లా ఒకే తీరున కొట్టుకోవు మేడం. నలభై పట్టీలూ ఒక్క మనిషి ఒంటి మీదున్నాయి."

"ఒక్క మనిషి అన్ని పట్టీలు ఎందుకు కట్టుకుంటుంది?"

అడిగింది గానీ, ఆ మాట నోట్లో ఉండగానే జవాబు తెలిసిపోయింది.

ఇప్పలమెట్ట బడి వసారాలో జరిగిన మొదటి సమావేశం ఆమెకు కళ్లకు కట్టినట్టు కనబడింది. నరాల గురించి, పట్టీల గురించి ఎంత చెప్పినా ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు తప్ప ఎవరికీ ఎక్కలేదు. విసుగొచ్చి మాట మార్చింది. కోతలప్పుడు మనుషులు చాలకపోతే ఏం చేస్తారని అడిగింది. బదులు చేసుకుంటామన్నారు. ఈ పూట మీ చేలోకి మేమొస్తాం, ఇంకో పూట మా చేలోకి మీరొస్తారు, కూలి ప్రసక్తి లేదు. ఇందుమతి ఆ మాటను కళ్లకద్దుకుని, ఇది కూడా బదులేనంది. ఇవాళ ఎవరి నొప్పికో మీరు సాయం వెళ్తారు, రేపు మీకు కాన్పయినా, కాలు విరిగినా, ఇంకే పెద్ద రోగమొచ్చినా మీ నొప్పికి వాళ్లొస్తారంది. వసారా అంతా ముఖాలు విప్పారాయి. అందరూ చేతులు చాచారు. ఆ పోలిక తనకే ఎంత ముచ్చటేసిందంటే, తర్వాత అయిదు ఊళ్లలోనూ అదే చెప్పింది.

బదులులో లెక్క చేతులకే గానీ మనుషులకు కాదు. కోడలికి వీలు కాకపోతే అత్త వస్తుంది. అత్తకూ వీలు కాకపోతే పొరుగింటామె వస్తుంది, ఆమె రుణం ఇంకో పనిలో తీరుతుంది. ఒకరి తరఫున ఇంకొకరు రావడం అక్కడ తప్పు కాదు, మర్యాద. ఆ రోజు ఒక ముసలామె లేచి, నాకు కుదరకపోతే నా పట్టీ ఇంకొకరు కట్టుకోవచ్చా అమ్మా అని అడిగింది కూడా. పేర్లు రాయించుకునే హడావుడిలో ఉన్న ఇందుమతి, ఎవరైతేనేం, వంతు మోస్తే చాలంది.

మొదటి అంకె ఇప్పటికీ పచ్చగానే ఉంది. ఎందుకుండదు? నలభై మంది ఒక్కో వంతు మోసినా, ఒక్కతే నలభై వంతులు మోసినా మొత్తం అంతే. నాడి సగటు తక్కిన అయిదు ఊళ్ల చల్లటి నాడుల్లో కలిసి నూరు లోపలే ఉండిపోయింది.

"ఇక్కడి నుంచే ఆ ఊరిని తెంపేద్దాం మేడం" అన్నాడు రహంతుల్లా.

తెంపితే ఆ ఊరు మోసే బాధంతా ఎక్కడ పుట్టిందో అక్కడికే పోతుంది. పట్టీ ఒక ఒంటికి అలవాటు పడాలంటే ఒక రాత్రంతా కట్టుకుని ఉండాలి కాబట్టి, దాన్ని ఇప్పటికిప్పుడు వేరే ఊరికి మళ్లించే దారి లేదు. మొత్తం బాధలో ఇంచుమించు ఏడో భాగం, తెరిచిన పుండు మీద, ఒక్క ఉదుటున. లహరి గుండె తట్టుకుంటుందా? ఆ ప్రశ్న ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

ముందు వెళ్లి చూస్తానంది ఇందుమతి. పట్టీలు ఏ గోడకో తగిలించి ఉండవచ్చు, కళ్లతో చూడకుండా ఎలా తెంపుతామంది. గోడకు నాడి ఉండదు. ఇప్పలమెట్టకు జీపులో గంటన్నర పైన పడుతుంది. ఆ లోపు కడగడం పూర్తయిపోతుంది. ఈ సంగతి ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని అతనికీ తెలుసు. అయినా ఆమె నోటి నుంచి వచ్చేసరికి అది బాధ్యత గల మాటలాగే వినిపించింది.

"చూసేదేముంది మేడం? ఆమె అంతసేపు ఉంటుందా?"

"నువ్వు దేని మీదా చెయ్యి వెయ్యకు."

చెయ్యి వేసినా లాభం లేదు. పంపకం ఆపాలంటే ఆమె కార్డు పెట్టాలి. ఆ కార్డు ఆమె మెడలో ఉంది. తీసి బల్ల మీద పెట్టి వెళ్లవచ్చు. పెట్టలేదు.

దారిలో డ్రైవర్‌ను తొందరగా పోనివ్వమని రెండు మూడుసార్లు కసురుకుంది. రైలు గేటు పడి జీపు ఆగినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. గూడ్సు బండి పెట్టె తర్వాత పెట్టె నింపాదిగా వెళుతుంటే సీటుకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. గేటు పడ్డందుకు లోపల్లోపల ఊరటగా ఉన్నట్టు గుర్తుపట్టి తన మీద తనకే అసహ్యం పుట్టింది. అయినా డ్రైవర్‌ను వేరే దారి ఉందేమో అడగలేదు. రహంతుల్లా ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఊళ్లో పాల కేంద్రం చూసే మనిషికి చేస్తే ఎత్తడం లేదట. నాడి నూటయాభై ఎనిమిదట. తర్వాత అందులో నడుమ నడుమ ఒక దెబ్బ తప్పుతోందట. పైనేమైందని అడిగింది ఇందుమతి. వీపు కడుగుతున్నారు, ఇంకా కాళ్లున్నాయి అన్నాడు. ఆ తర్వాత అతను ఫోన్ చెయ్యలేదు.

ఇప్పలమెట్ట చేరేసరికి ఆకాశం నల్లగా కిందికి దిగి ఉంది. ఊరి బయట కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఆడా మగా పరుగులు పెడుతూ కాయను కుప్ప చేస్తున్నారు, పరదాలు కప్పుతున్నారు. పాల కేంద్రం చూసే దీనమ్మ చంకలో పరదా చుట్టతో ఎదురొచ్చి, మేడం గారా, ఇప్పుడొచ్చారేంది అని నవ్వింది. ఇందుమతి ఆమె ముంజేతి వంక చూసింది. పట్టీ లేదు. కల్లంలో ఏ చేతికీ లేదు.

"పట్టీలేవి దీనమ్మా?"

"గురవమ్మత్తకి కట్టాంగా. అది చేతికుంటే ఉన్నట్టుండి ఒకటే సలుపు, కాయ కొయ్యనీదు. వాన మీదికొస్తంటే ఎట్టమ్మా? కాయ తడిస్తే మొత్తం తాలే. అత్తకి మోకాళ్లు పోయినయ్, కోతకి రాలేదు. ఆమె అరెకరం మేం కోసిపెట్టాం. ఆమె మా పట్టీలు కట్టుకుంది. బదులు."

అందులో దాచవలసినదేదీ ఉన్నట్టు దీనమ్మకు తోచలేదు. ఎన్నాళ్లుగా అని అడిగితే, కోతలు మొదలైన కాడి నుంచే అంది. ముందు ఇద్దరివి కట్టుకుందట, తర్వాత పదిమందివి. ఏమీ కాలేదు కదా అని నిన్న సాయంత్రం అందరూ తెచ్చి కట్టేశారట. ఇల్లెక్కడని అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే ఇందుమతి పరుగెత్తింది.

గురవమ్మ వసారాలో నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. రెండు చేతులకూ మణికట్టు నుంచి మోచేయి దాటి పట్టీలే. చోటు చాలక తక్కినవి చీలమండల నుంచి పిక్కల దాకా కట్టారు. నోట్లో తువ్వాలు కుక్కుకుంది. అరుపు వినబడితే కల్లంలో వాళ్లు పని మానుకుని వస్తారని తనే కుక్కుకుంది కాబోలు. ముఖం బూడిద రంగుకు తిరిగింది. ఒళ్లంతా చెమట, మంచం నులక కూడా తడిసిపోయింది.

ఇందుమతి మోకాళ్ల మీద కూలబడి పెద్దమ్మా అని పిలిచింది. గురవమ్మ కళ్లు తెరిచి, తువ్వాలు తీసేసింది.

"అయిపోవచ్చిందిలేమ్మా. వీపైపోయింది. కాళ్ల కాడికొచ్చారు."

నీకెలా తెలుసన్నట్టు ఇందుమతి ఆమె వంక చూసింది.

"మోసేదాన్ని, నాకు తెలవదా" అంది గురవమ్మ. ముందు చెయ్యి, తర్వాత వీపు, ఆనక కాళ్లు. అక్కడ ఇద్దరున్నారట. ఒకామె నిదానంగా చేస్తుందట, ఇంకొకామెది దురుసు చెయ్యట. "పిల్లో పిల్లోడో గానీ బలే ఓర్పు. ఇదంతా ఒక్క ప్రాణమే పడితే ఏమైపోవాల్సింది" అని మళ్లీ కళ్లు మూసుకుంది.

ఇందుమతి ఎప్పుడూ ఆ గదిలోకి వెళ్లలేదు. తన కూతురిని ఏ నర్సు ఎలా ముట్టుకుంటుందో ఆమెకు తెలియదు. కొండల వెనక ఈ ముసలామెకు తెలుసు.

కాళ్లు ఒక్కటే మిగిలాయి. ఎంతసేపు, ఒక అరగంట. ఇంతసేపు తట్టుకున్న మనిషి ఇంకో అరగంట తట్టుకోదా? కుండలో నీళ్లు ముంచి గురవమ్మ నోట్లో పోసింది. కొంగుతో ముఖం తుడిచింది. "ఇంకాసేపే పెద్దమ్మా, ఇంకాసేపే" అంది. ఆ మాట తన గొంతులోంచే వచ్చిందని తెలిసేసరికి చేతిలోని కొంగు వదిలేసింది. పోసిన నీళ్లు లోపలికి దిగకుండా గురవమ్మ పెదవుల పక్క నుంచి జారిపోతున్నాయి. ఆ పెదవులు నల్లబడ్డాయి. ఎడమ చేతి పట్టీల కింద వేళ్లు పెట్టి నాడి చూసింది. తడుముకుంటూ, ఆగుతూ, మళ్లీ ఉరుకుతూ కొట్టుకుంటోంది.

ఆ వసారాలో సన్నగా సిగ్నల్ అందుతోంది. ఫోన్ తీసి పైన గదిలో ఉండే ప్రభావతి సిస్టర్‌కు చేసింది. డాక్టర్ మాట్లాడాడు. మధ్యలో ఉన్నామనీ, కాళ్లు కప్పడానికి కొంత వ్యవధి కావాలనీ అన్నాడు. ఇక్కడ మనిషి పోయేలా ఉందని ఇందుమతి అరిచింది. అయితే ఒక్కొక్కటే తియ్యండి, నిమ్మళంగా, అన్నీ ఒకేసారి వస్తే ఈ పిల్ల నిలవదు అన్నాడు. ఫోన్ లహరి చెవి దగ్గర పెట్టమంది ఇందుమతి.

"అమ్మా, ఏంటి?"

ఇందుమతికి అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. నీ నొప్పిలో ఊరంతా మోయాల్సినది ఇక్కడ ఒకావిడ ఒక్కతే మోస్తోందని చెప్పింది. ఆవిడకు బాగాలేదని చెప్పింది. పట్టీలు తీసేస్తే అదంతా నీకే వస్తుందని కూడా చెప్పింది.

"ఎవరికీ తెలియనంత కొంచెమే వెళ్తుందన్నావు కదమ్మా."

"అట్లాగే అనుకున్నానమ్మా."

"తియ్యి" అంది లహరి.

ఫోన్ మంచం పట్టె మీద పెట్టి ఇందుమతి మొదటి పట్టీ కొక్కెం విప్పింది. పట్టీ కింద నాడి అందకపోతే ఆ వంతు తక్షణం వెనక్కి, పుట్టిన చోటికి వెళ్లిపోతుంది. ఫోన్లో చిన్న మూలుగు వినిపించింది. రెండోది విప్పింది. మూడోదాని కొక్కెం చెమటకు జారి రెండోసారికి గానీ ఊడలేదు. నాలుగోది విప్పాక లహరి పళ్ల బిగువున ఇంకా తియ్యమ్మా అంది. అయిదోది ఊడేసరికి ఆ బిగువు తెగి, కేక ఒకటి బయటపడింది. ఆ కేకకు గురవమ్మ కళ్లు తెరిచింది.

"ఎవరమ్మా అది?"

మోసేవాళ్లకు అది ఎవరి నొప్పో చెప్పకూడదని తెలుసు. అయినా దాచుకోలేకపోయింది. "మా అమ్మాయి, పెద్దమ్మా."

గురవమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఫోన్ వంక చూసింది. మెల్లగా రెండు చేతులూ దగ్గరికి లాక్కుని, రొమ్ము మీద కట్టుకుని, పక్కకు ఒత్తిగిలి కాళ్లు ముడుచుకుంది. ఇప్పుడు పట్టీల్లో ఒక్కటీ ఇందుమతికి అందడం లేదు.

"నీ బిడ్డని చెప్పవే తల్లీ ముందు."

"చేతులు వదులు పెద్దమ్మా. నీకు దణ్ణం పెడతా, వదులు."

"కాళ్లే గదా ఉంది. కానియ్యి. బదులుకొచ్చినదాన్ని, సగం చేలో వదిలేసి పోతానా?"

ఇందుమతి ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. జీవితమంతా మిరపకాయలు కోసిన చెయ్యి అది, చావుబతుకుల్లో ఉండి కూడా ఇందుమతి చేతుల కంటే గట్టిగా ఉంది. వేళ్ల సందుల్లో వేళ్లు దూర్చి విడదీయబోయింది, రాలేదు. ఏడుస్తూ బతిమాలింది. కసిరింది, మళ్లీ బతిమాలింది. ఎవరికోసం బతిమాలుతోందో ఆమెకే తెలియలేదు. ఒక పట్టీ కొక్కెం వేలికి తగిలినప్పుడు దాన్ని పట్టుకుని కూడా విప్పకుండా ఒక్క క్షణం ఆగింది. గురవమ్మ కళ్లు మూసుకుని, పెదవులు బిగబట్టి, కల్లంలో అరుపులు వింటున్నట్టు ఉంది. వాన మొదలై చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి.

అప్పుడు ఫోన్లోంచి కేక వచ్చింది. అంతకుముందు కేకలు దీని ముందు ఎందుకూ చాలవు. తొలిసారి కట్లు విప్పినప్పటి కేక కూడా ఇంత లేదు. దాని వెనక బల్ల కదిలిన చప్పుడు, సిస్టర్ ఏదో అరవడం, డాక్టర్ పట్టుకో పట్టుకో అనడం వినిపించాయి. అక్కడ ఏం చేశారోనని ఇందుమతి ఫోన్ కోసం చెయ్యి చాచింది. చాచాక తెలిసింది, తన చేతిలో ఏ పట్టీ లేదని. ఇందాక పట్టుకున్న ఆ కొక్కెం విప్పనే లేదు. తీసిన అయిదు పట్టీలూ నేల మీద ఉన్నాయి, తక్కినవన్నీ గురవమ్మ ఒంటి మీదే ఉన్నాయి. అంత గట్టిగా బిగుసుకున్న ఆ చేతులు తమంతట తామే విడిపోయి, ఒకటి మంచం అంచు మీంచి కిందికి జారి వేలాడుతోంది.

ఇందుమతి ఆ చేతిని ఎత్తి పట్టుకుంది. పట్టీల కింద వేళ్లు పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. ఫోన్లో కేక తగ్గి వెక్కిళ్లలోకి దిగింది, వెక్కిళ్ల మధ్య ఊపిరి కోసం పెనుగులాట వినిపించింది. బతికే ఉంది, మేడం, బతికే ఉంది అని సిస్టర్ అంటోంది. ఆ తర్వాత లహరి గొంతు, గుర్తుపట్టలేనంత బొంగురుగా.

"ఒక్కొక్కటే తీస్తానన్నావు కదమ్మా... అన్నీ ఒక్కసారే ఎందుకు తీసేశావు?"

గురవమ్మ చెయ్యి ఇంకా ఇందుమతి ఒళ్లోనే ఉంది.

"నేను తియ్యలేదమ్మా" అంది.